డబ్బా మీద నా నంబరు

ఏప్రిల్ 2

మా అక్క రోహిణప్ప ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. బడిలో ఫిజిక్సు చెప్పే టీచరమ్మలు రిటైరయ్యే ముందు ఏం చేస్తారు? గోడ గడియారం పుచ్చుకుని, శాలువా కప్పించుకుని, ఇంటికొచ్చి మోకాళ్ళకి నూనె రాసుకుంటారు. మా అప్ప బుడగ ఎగరేస్తుందట.

పుట్టినరోజు బుడగ కాదు. నేల మీద మనిషంత ఉండి, పైకెళ్ళేకొద్దీ ఉబ్బి ఉబ్బి ఇల్లంతై పగిలిపోయే రకం. దాని కింద పారాచూట్, దాని కింద తాడు, తాడుకి రెండు థర్మోకోల్ డబ్బాలు. పై డబ్బాలో కాస్మిక్ కిరణాల్ని లెక్కపెట్టే గొట్టాలు. కింది డబ్బాలో కెమెరా. విమానాలు తిరిగే ఎత్తుకి దాదాపు మూడింతలు పైకెళ్ళి, పగిలి, పారాచూట్‌తో దిగుతుంది. ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలీదు. ఇదీ సైన్సు. నేను కళ్ళు మూసుకుని రాయి విసిరితే మాత్రం వెధవపని.

"ఏటప్పా అది లెక్కెట్టేది?" అని అడిగాను.

"నక్షత్రాల వైపు నుంచి వచ్చే రేణువుల్రా. పైన గాలికి గుద్దుకుని ముక్కలైపోతాయి. ఆ ముక్కలు మళ్ళా ముక్కలైపోతాయి. కింది దాకా వచ్చేవి ఆ ముక్కల ముక్కలే. ఇప్పుడు నీ తలలోంచీ వెళ్తున్నాయి."

"మీ ప్రిన్సిపాల్ తలలోంచైతే ఇంకా సులువుగా ఎల్తాయి. అడ్డం ఏటీ లేదు కదా."

నవ్వలేదు. మా అప్ప నవ్వదు. ఈ భిలాయిలో పుట్టి, ఇక్కడే ముసలిదవుతూ కూడా ఒక్క జోకు వేసిన పాపాన పోలేదు. పెళ్ళి చేసుకోని ఆవిడా, పెళ్ళి నిలవని నేనూ రుఆబాంధా కాలనీ క్వార్టర్లో ఒకే కప్పు కింద ఉంటున్నాం. ఆవిడ జీతం ఇంటికి. నా మైకుసెట్టు అద్దె నా బీడీలకి. ఈ మాట ఎవరితోనూ అనను. ఇక్కడ రాసుకుంటే నష్టమేముంది, చదివేవాడు లేడు కదా.

ఏప్రిల్ 4

ఈ రోజు సన్మానం జరిగింది నాకు.

డబ్బాల మీద హిందీలో చీటీ అంటించారు. "ఇది సైన్సు పరికరం, ప్రమాదం లేదు, దొరికినవారు రోహిణి మేడమ్ కోసం ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని. ఎవరి నంబరు? ప్రిన్సిపాల్ హరినాథ్ గారు తనది వద్దన్నారు. పల్లెటూరివాళ్ళు వేళాపాళా లేకుండా చేస్తారట. అప్పది క్లాసులో ఆపేసి ఉంటుంది. అప్పుడు అప్ప అంది: "మా సింహాద్రిది రాయండి. వాడికి ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు."

హరినాథ్ గారు చెప్పులో రాయి దూరినట్టు మొహం పెట్టారు. "వాడిదా మేడమ్?"

కారణం ఉంది. పోయినేడు ఢిల్లీ నుంచి పెద్దాఫీసరు గొంతుతో ఫోన్ చేసి ఆయన్ని దుర్గ్ స్టేషన్లో పూలదండతో నిలబెట్టాను. మూడు రైళ్ళు వెళ్ళేదాకా నిలబడ్డాడు మహానుభావుడు. దండ వాడిపోయింది గాని ఆశ వాడలేదు.

"వాడిదే" అంది అప్ప.

ఎమ్మెస్సీలు, బీఎడ్‌లు చదివినవాళ్ళు ఇంతమంది ఉండి, చివరికి ఫోనెత్తడానికి టెన్త్ తప్పినవాడు కావలసివచ్చాడు. రాత్రి పడుకోబోతూ అప్ప అడిగింది: "ఫోన్ ఛార్జింగు ఉందారా?"

ఏప్రిల్ 7

పక్క క్వార్టరు గోవిందరావు స్టీలు ప్లాంటు రైల్ మిల్లులో చేసి రిటైరైనవాడు. మనుషుల్ని ఆటపట్టించే సరసంలో నాకు సాటి వాడొక్కడే. ముసలమ్మ గొంతు తీస్తే వాడి తల్లి కూడా దండం పెడుతుంది. అలాంటివాడికీ బుర్రలో ఒక చిల్లు ఉంది, భయం.

"బావా, బుడగ పైకెళ్ళి ఆ కిరణాల తుట్టెని కదిపేస్తాది. ఆ రోజు బట్టతలలున్నోళ్ళు జాగర్తగా ఉండాలట. మా అప్పే సెప్పింది" అన్నాను.

"ఓలమ్మ! మరేటి సెయ్యాలి?"

"ప్లాంటు హెల్మెట్ ఉంది కదా. లోపల వంటింటి వెండికాగితం వేసుకో."

ఏప్రిల్ 9

ఎగిరింది.

బడి మైదానంలో పిల్లలు, టీచర్లు, ఎవరో ఇద్దరు అధికారులు. హరినాథ్ గారు ఫొటోలో బుడగకంటే ముందు నిలబడ్డారు. సరిగ్గా గ్యాసు నింపుతుండగా గోవిందరావు వచ్చాడు. పసుపు హెల్మెట్, చెవుల పక్కనుంచి మెరుస్తున్న వెండికాగితం. పిల్లలు నేలమీద దొర్లారు. గోవిందరావు నావైపు చూసి "నీ నంబరు డబ్బా మీదుంది కదరా. సూస్కో" అన్నాడు.

అప్ప ఇవేవీ చూడలేదు. తాడు పట్టుకుని ఉంది. వదిలాక చేతులు అలాగే పైకి ఉండిపోయాయి. బుడగ ముందు రాయ్‌పూర్ వైపు పోయిందట, బాగా పైకెళ్ళాక గాలి మారి ఇటే వెనక్కి వచ్చిందట. నందిని గనులు దాటాక ఎక్కడో దిగుతుండగా, అదెక్కడుందో చెప్పే ట్రాకరు మూగబోయింది. ఇక ఫోను కోసం చూడాలి.

సాయంత్రం మోగింది! ముసలమ్మ గొంతు. "సాహబ్, మోర్ భఁయిసీ ఊపర్ డబ్బా గిరే హే." గేదె మీద డబ్బా పడిందట. నేను బడి వరండాలోంచి అరిచాను. అందరూ జీపెక్కారు. అప్ప ఒక చెప్పు వేసుకుని ఒకటి మరిచిపోయి ఎక్కింది. గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకుని, చేతిలో కొడుకు ఫోను పట్టుకుని గోవిందరావు నిలబడి ఉన్నాడు. "గేదెకి దెబ్బ తగిలిందేటి బావా?" అన్నాడు, అదే ముసలమ్మ గొంతుతో.

అందరూ నవ్వారు. హరినాథ్ గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఓడిపోయినట్టు కదా.

అప్ప జీపు దిగి ఆ ఒంటి చెప్పుతో నడుచుకుంటూ వచ్చి మా ఇద్దరితో అంది: "ఇది ఆట కాదు. మళ్ళీ ఎగరెయ్యడానికి నాకు పర్మిషనూ లేదు, నెల్లాళ్ళూ లేవు."

ఏప్రిల్ 10

సింహాద్రిని రెండోసారి మోసం చేద్దామనుకున్నాడు వెర్రిబాగులాడు.

పొద్దున్న మళ్ళీ కొత్త నంబరు, మళ్ళీ ముసలమ్మ. ఈసారి బాగా తయారై వచ్చాడు. "హమర్ బారీ మా ఏక్ ఠన్ డబ్బా గిరే హే సాహబ్. టిక్ టిక్ బోలథే." పెరట్లో డబ్బా పడిందట, టిక్కు టిక్కు అంటోందట. ఆ టిక్కు టిక్కు నిన్న మైదానంలో వాడూ విన్నదే కదా, అక్కడే దొరికిపోయాడు.

నేను తక్కువవాడినా? అచ్చమైన ఛత్తీస్‌గఢీలో మొదలుపెట్టాను. ఆ డబ్బా సూర్యుడి అల్లుడమ్మా, ఒళ్ళు కాలిపోతోంది పాపం, తీసుకెళ్ళి గేదెల తొట్టిలో ముంచు, లేకపోతే నీ గేదె పాలన్నీ ఎండిపోతాయి అన్నాను. ముంచాక దాని ముందు గుంజీలు తియ్యి అన్నాను. "మోకాళ్ళు వంగవు సాహబ్" అంది, వణుకుతూ. ఆ వణుకు మాత్రం అద్భుతం. మోకాళ్ళు వంగకపోతే గేదెచేత తీయించు ముసలి దెయ్యమా, అని ఇంకో నాలుగు తగిలించాను. అవి ఇక్కడ రాయను, ఈ నోటుపుస్తకం అప్ప బడిది.

ఫోన్ పెట్టేసింది. పెట్టేశాడు.

మధ్యాహ్నం అంతా హుషారుగా ఉన్నాను. అప్ప అడిగింది, "ఫోన్ ఛార్జింగు ఉందారా?"

ఏప్రిల్ 11

గోవిందరావుని ఏడిపిద్దామని వెళ్ళాను. చెంప కొబ్బరికాయంత ఉంది. కోడలు చెప్పింది: "నిన్న పొద్దున్నే డాక్టర్ దగ్గర పన్ను పీకించాం అంకుల్. మత్తింజెక్షన్. మధ్యాహ్నం దాకా నోరే తెరవలేదు."

"నోరు తెరవకుండా ఫోన్ ఎలా సేసావురా?" అన్నాను.

గోవిందరావు చెయ్యి ఊపాడు. లేదు అని. నటిస్తున్నాడు.

ఏప్రిల్ 11, సాయంత్రం

గోవిందరావు కాదు.

ఏప్రిల్ 12

అప్ప అడిగింది: "ఎవరైనా ఫోన్ చేశార్రా?"

లేదన్నాను. ఈ రోజు సంగతే కదా అడిగింది. ఈ రోజు ఎవరూ చేయలేదు. అబద్ధం కాదు.

ఏప్రిల్ 13

ఆ నంబరుకి నేనే చేశాను. చాలా మర్యాదగా. ఆవిడ పేరు బిసాహిన్ బాయి. నందిని అవతల చిన్న ఊరు. గొంతు గుర్తుపట్టింది. పట్టదూ మరి.

"తోలా నయ్ దేవఁవ్" అంది. నీకివ్వను అని. చీటీ కోడలు చదివి చెప్పిందట. అందులో రోహిణి మేడమ్ అని ఉంది కదా, ఆ మేడమ్ వస్తే ఆమె చేతికే ఇస్తుందట. ఇచ్చేముందు, ఫోన్లో ఉన్న మొగాడు తనని ఏమేం అన్నాడో ఒక్క ముక్క పొల్లుపోకుండా ఆ మేడమ్‌కి చెబుతుందట.

ఎంత గర్వమో! ఆకాశంలోంచి పడింది గాని లేకపోతే ఆ ఊరికి పోస్టు కూడా పడదు.

ఏప్రిల్ 14

అప్పని తీసుకెళ్ళడం ఎందుకు, ఎండ. నేనే మోపెడ్ మీద వెళ్ళాను. మిఠాయి పట్టుకెళ్ళాను.

ముసలమ్మ మట్టి అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ వెనక, ఇంటి దూలానికి చిక్కంలో డబ్బా వేలాడుతోంది, ఉల్లిపాయల పక్కన. మిఠాయి తీసుకుంది. కోడల్ని పిలిచింది, ఇరుగుపొరుగుని పిలిచింది. అప్పుడు నాతో అంది: "గుంజీలు అన్నావు కదా. ఎలా తీస్తారో మాకు తెలీదు. చూపించు."

నేను తీయలేదు. మోపెడ్ మీద అంత దూరం వచ్చానేమో నడుం పట్టేసింది. దాన్ని సవరించుకోడానికి కొంచెం వంగి లేచాను, అంతే. అలా కొన్నిసార్లు. ఆడవాళ్ళు నవ్వారంటే వాళ్ళ సంస్కారం.

డబ్బా ఇవ్వలేదు. "మేడమ్‌ని తీసుకురా."

ఏప్రిల్ 17

గోవిందరావు చెంప తగ్గింది. కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి వాడిచేత రోహిణి మేడమ్ గొంతుతో ఫోన్ చేయించాను. "మా తమ్ముడికి డబ్బా ఇచ్చేయండి బాయీ" అని మహా హుందాగా మొదలుపెట్టాడు. ఆవిడ ఏదో అంది. గోవిందరావు మొహం మాడిపోయింది.

"ఏటందిరా?"

"మేడమ్‌కి మీసాలున్నాయేటి అని అడిగింది."

పోతూ పోతూ అన్నాడు: "మీ అప్పకి సెప్పీరా బావా. సరసం సరసమే గాని ఇది బాగులేదు." వాడా నాకు నీతులు చెప్పేది! వెండికాగితం తలకాయ!

ఏప్రిల్ 19

అప్ప ల్యాబు బీరువా ఖాళీ చేస్తోంది. హరినాథ్ గారు వచ్చి వీడ్కోలు సభలో బుడగ సంగతి తీసేద్దామా అని అడిగారట. చూపించడానికి లెక్క లేనప్పుడు ఎందుకూ, అధికారులొస్తారు, చిన్నతనం కదా అన్నారట. అప్ప దగ్గర చదివే ఆడపిల్లలు, ఇరవై రెండు మంది గుంటలు, ఏడాదంతా సెలవురోజుల్లో వచ్చి గొట్టాలు అతికించారు. వాళ్ళకేం చెప్పాలో తెలీటం లేదని అప్ప అంది. నాతో కాదు, గోడతో.

మిగిలిపోయిన గొట్టాల జత ఒకటి వంటింటి బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు. ఒక్కటే టిక్కుమంటే లెక్కలోకి రాదట. రెండూ ఒకేసారి అంటేనే, పైనుంచి నిజంగా ఏదో రెండిట్లోంచీ దూసుకుపోయినట్టట.

"ఒక్కదాని మాట నమ్మరేటి?" అన్నాను.

"ఒక్కటే అయితే దానంతటది కూడా అరవగలదు" అంది.

కూర్చుని వింటోంది. టిక్. చాలాసేపటికి మళ్ళీ టిక్. తర్వాత నావైపు చూడకుండానే అడిగింది: "ఫోన్ ఛార్జింగు ఉందారా?"

ఏప్రిల్ 20

మోపెడ్ కార్బురేటర్ బాగులేదు. అప్పకి రేపు చెప్తాను.

ఏప్రిల్ 21

బాగయింది. కాని ఎండ.

ఏప్రిల్ 23

ఛార్జింగు ఉందా అని ఈ రోజు అడగలేదు.

ఏప్రిల్ 24

"అప్పా, సెప్పులేసుకో. రెండూ వేసుకో" అన్నాను. "డబ్బా ఉంది."

ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అని అడగలేదు. వెనక కూర్చుంది. నందిని దాటేదాకా నా చొక్కా పట్టుకుని ఉంది. నేనే చెబుదామనుకున్నాను, గాలి హోరు. వినపడదు కదా.

బిసాహిన్ బాయి అప్పకి మంచం వేసింది. నాకు వేయలేదు. ఆ తర్వాత చెప్పింది. ఏం జ్ఞాపకశక్తి! సూర్యుడి అల్లుడి దగ్గర్నుంచి గేదె గుంజీల దాకా, నేను పుస్తకం బడిదని రాయనివి కూడా, నా గొంతుతో సహా చెప్పింది. గోవిందరావు ఆవిడ దగ్గర నేర్చుకోవాలి. కోడలు మధ్యలో హిందీలో చెప్పబోతే అప్ప చెయ్యి అడ్డం పెట్టింది.

ఎక్కడా ఆపలేదు అప్ప. చివర్న హిందీలో ఒక్కటే అడిగింది: నీళ్ళలో ముంచావా అని.

ముంచిందట. సాహబ్ చెప్పాడు కదా అని. నిజంగా గేదె పాలు ఎండిపోతే? కాని అది మునగలేదట. నొక్కితే లేస్తుంది, రాయి పెడితే రాయిని తోసేసి లేస్తుంది. "సూర్యుడి అల్లుడు కదమ్మా, అత్తారింట్లో మర్యాద అక్కర్లేదా, అలిగాడనుకున్నా" అంది ముసలమ్మ. అప్పుడు తీసి తుడిచి, ఎలకలు కొట్టకుండా చిక్కంలో పెట్టింది. టిక్కు టిక్కు రెండు రోజులు వినపడిందట. ఆగిపోయాక బాధేసిందట.

తాడు తెగి ఉంది. కెమెరా డబ్బా లేదు. గొట్టాల డబ్బా ఉంది. అప్ప టేపు మీద టేపు వేసి చుట్టిన అతుకులు ఎక్కడా ఊడలేదు. ఒళ్ళో పెట్టుకుని విప్పింది. మెమరీ కార్డు పొడిగా ఉంది.

దాన్ని కొంగున కట్టుకుని లేచింది. బిసాహిన్ బాయివి రెండు చేతులూ పట్టుకుంది. అప్ప నా గురించి ఏమైనా అంటుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

దారంతా నా చొక్కా పట్టుకోలేదు. వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుంది.

ఏప్రిల్ 26

కార్డులోని లెక్క కంప్యూటర్లో ఒక గీతగా వచ్చింది. నేల దగ్గర పాకుతుంది. పైకెళ్ళేకొద్దీ లేస్తుంది, లేస్తుంది, కొండలా అవుతుంది. ఆ తర్వాత, ఇంకా పైకి వెళ్తుంటే, దిగుతుంది. పిల్లలు కేకలు పెట్టారు. అప్ప వేలితో ఆ కొండ కొసని ముట్టుకుంది. తెర మీద వేలిముద్ర పడింది. తుడవలేదు.

నాతో ఇంకా మాట్లాడదు. అన్నం పెడుతుంది.

ఏప్రిల్ 30

వీడ్కోలు సభ. మైకుసెట్టు నాదే, ఉచితం.

గీత చూపించింది. హరినాథ్ గారు లేచి, "అయితే మేడమ్, పైకెళ్ళాక లెక్క తగ్గిందంటే మిషను పాడైనట్టా?" అన్నారు. ముందు వరసలోని గుంటొకతె అప్పకంటే ముందే లేచింది. "లేదు సర్, పైన గుద్దుకోడానికి గాలి లేదు. అందుకే ముక్కలు తక్కువ. ముక్కలన్నీ మధ్యలో తయారవుతాయి." ఆయన "అవునవును, అదే నా ఉద్దేశం" అని కూర్చున్నారు. మైకు సరిగ్గా అప్పుడే గీమంది. నా తప్పు కాదు. మైకులకీ రోషం ఉంటుంది.

అప్ప కృతజ్ఞతలు చెప్పింది. పిల్లలకి, గ్యాసు ఇచ్చినవాళ్ళకి, బిసాహిన్ బాయికి. నా పేరు లేదు. సంతోషం. సభల్లో పేరు చెప్పించుకునే రకం కాదు నేను.

మే 3

మధ్యాహ్నం ఫోను. కొత్త నంబరు. ముసలమ్మ.

కుమ్హారీ అవతల పొలంలో డబ్బా పడి ఉందట, లోపల గాజుకన్నులాంటిది ఉందట. కెమెరా! గొంతు మాత్రం ఏదో తేడాగా ఉంది. గోవిందరావా? కావచ్చు. వాడైతే తిట్టాలి. వాడు కాకపోతే?

"హవ్ దాయీ" అన్నాను. అవును తల్లీ, అని. "నీళ్ళలో పెట్టకు దాయీ. నీడలో పెట్టు. నీ ఊరు చెప్పు, నేనొస్తా."

"గుంజీలు తియ్యాలా సాహబ్?"

నేను మోపెడ్ మీద ఉన్నాను అప్పటికే. ఆ మాట సరిగ్గా తలకెక్కలేదు.

కుమ్హారీ అవతల చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి, బోరింగు, విరిగిన ట్రాలీ, అన్నీ. మనిషి లేదు. డబ్బా లేదు. పొలంలో ఒక మేక నన్ను చూసింది. ఎండలో గట్లన్నీ వెతికి, ఆ నంబరుకి చేస్తే స్విచ్చాఫ్.

ఇంటికొచ్చేసరికి అప్ప చల్ల కలుపుతోంది. గ్లాసు నా ముందు పెట్టి, అటు తిరిగి అడిగింది:

"కుమ్హారీలో ఎండ ఎక్కువగా ఉందేట్రా?"

నేను ఎక్కడికి వెళ్ళానో ఎవరికీ చెప్పలేదు.

చల్ల సగం తాగేదాకా ఆ మాట లోపలికి దిగలేదు. "నీకు ఛత్తీస్‌గఢీ ఎక్కడిదప్పా?" అన్నాను.

"ఇన్నేళ్ళు వాళ్ళ పిల్లలకి పాఠాలు చెప్పాను. తల్లులు నాతో తెలుగులో మాట్లాడారనుకున్నావేటి?"

"మరి నా నంబరెందుకు రాయించావు?"

గిన్నె కడుగుతోంది. నీళ్ళు ఆపింది. "నువ్వు ఫోనెత్తుతావని" అంది. మళ్ళీ నీళ్ళు విప్పింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని తొంగి చూశాను. నవ్వుతోంది! పళ్ళు కనపడేలా! ఈ వయసులో!

నిజానికి మొదటి ముక్కకే గుర్తుపట్టాను. ఆ గొంతు ఒక గొంతా? నటన అసలే రాదు. కుమ్హారీలో వేరే పనుండి వెళ్ళాను.

మే 4

బ్యాంకు పేరు చెప్పి ఎవరో పిల్ల ఫోన్ చేసింది, లోను కావాలా సర్ అని. మామూలుగా అయితే ఏడిపించి వదిలేవాడిని.

"వద్దమ్మా" అన్నాను. "మీ వైపు ఎక్కడైనా డబ్బా పడిందేటి?"